బుధవారం ఉయ్యాల

ఆ ఆదివారం ఆరాధన ముగించుకుని పాస్టరుగారు రెండు కాళ్లకూ ఎడమ చెప్పులే తొడుక్కుని ఇంటికి నడిచారు. అందులో ఆయన పొరపాటేమీ లేదు. చర్చి మెట్ల దగ్గర ఉన్నవన్నీ ఎడమ చెప్పులే. పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా, ముక్కులన్నీ ఒకే వైపుకు తిప్పి, గోడవారన గీత గీసినట్టు పేర్చి ఉన్నాయి. కుడి చెప్పులూ అంతే శ్రద్ధగా పేర్చి ఉన్నాయి గానీ, అవి వెనకవైపు బావి చప్టా మీద ఉన్నాయని మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియలేదు. మాచర్ల స్టేషను వెనక బజారులో ఆ రోజుల్లో చెప్పులున్న విశ్వాసులు కొద్దిమందే కాబట్టి నష్టం పెద్దమనుషుల వరకే ఆగింది. పాస్టరుగారు, కాంపౌండరు, బడి హెడ్మాస్టరు, కొత్త చెప్పులు నలుగురికీ చూపించడానికే ఆ వారం చర్చికి వచ్చిన గార్డుగారి బావమరిది. దారిలో ఎవరో పాస్టరుగారిని పలకరిస్తే "ప్రభువు నడిపిస్తున్నాడు" అని మాత్రం చెప్పి ఆగకుండా సాగిపోయారు. ఆగితే కాళ్ల వంక చూస్తారు.

చెప్పులు పేర్చింది కోటేశ్వరి అనే పదేళ్ల పిల్ల. ఆ పిల్లను చర్చి అరుగు మీద కూర్చోబెట్టి, "ఈడే ఉండమ్మా, యాడికీ పోబాక" అని చెప్పి లోపలికి వెళ్లింది సువార్తమ్మ. పిల్ల చెప్పినట్టే ఎక్కడికీ పోలేదు. చెప్పులే పోయాయి.

సువార్తమ్మ ఆ బజారుకు మంత్రసాని. అత్తగారి దగ్గర పని నేర్చుకుంది. మొగుడు రైల్వే గ్యాంగులో పనిచేసి, పట్టాల పక్కనే ఎండదెబ్బకు పోయాడు. కూతుర్ని గురజాలలో ఇచ్చింది. ఇంట్లో ఒక్కతే. ఆమె కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. అన్నం కూడా గిన్నె చేత్తో పట్టుకుని వాకిట్లో తిరుగుతూ తినేది. ఎవరన్నా పీట వేస్తే, "కూకుంటే కాళ్లు లాగుతయ్యి నాకు" అని నిలబడే ఇంటి సంగతులన్నీ లాగేది. నోరు మంచిది కాదు. చుట్ట అలవాటు ఉంది. పొరుగింటి కోడి తన పెరట్లోకి వస్తే మూడు తరాల వాళ్లనూ తిట్టి, సాయంత్రం అదే ఇంటికి వెళ్లి చంటిపిల్లకు నూనె రాసి వచ్చేది.

ఆమె చేతుల మీద పుట్టని పిల్లలు ఆ బజారులో లేరు. అమరేశ్వరరావు గారి మేడలో పుట్టినవాళ్లు కూడా ఆ చేతుల్లోనే పడ్డారు. అయినా ఆ మేడకు ఆమె పెరటి దోవనే రావాలి, పెరటి దోవనే పోవాలి. పురిటి గదిలోకి తప్ప మరో గదిలోకి అడుగు పెట్టకూడదు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. అదట్లా ఉంది, అంతే.

ఊళ్లోకి సర్కారు నర్సు వచ్చాక కాన్పులు తగ్గాయి. నర్సు మంచి పిల్లే. కష్టమైన కాన్పుకు సువార్తమ్మను పక్కన నిలబెట్టుకునేది కూడా. కానీ నిలబడటం వేరు, పని చెయ్యడం వేరు. సువార్తమ్మ చేతులు ఊరికే ఉండలేక, ఉన్న వాకిలే మళ్లీ మళ్లీ ఊడ్చి గుంట పడేట్టు చేశాయి.

అట్లాంటి రోజుల్లోనే కోటేశ్వరి తల్లి హనుమాయమ్మ వచ్చి ఆ గుంటలో నిలబడి ఏడ్చింది.

హనుమాయమ్మ మొగుడు పోయి ఏడాది తిరిగింది. ఉన్న రెండెకరాల చేను దాయాదుల చేతిలో పడింది. సాగర్ డ్యామ్ కడుతున్నారు, పనికి మనుషులు కావాలి, పొద్దున్నే లారీ వచ్చి ఎక్కించుకుపోయి పొద్దుగూకాక దించుతుంది. పోవడానికి ఆమె సిద్ధం. పిల్ల సంగతే తేలడం లేదు.

కోటేశ్వరి తేడా పిల్ల అని బజారంతా అనుకునేది. అంతకంటే మంచి మాట ఎవరి దగ్గరా లేదు. మూడేళ్లు వచ్చేదాకా మాట రాలేదు. వచ్చాక ఎదుటివాళ్లు అన్నదే మళ్లీ అనేది. మొహంలోకి చూసేది కాదు. వేపాకు ఒకటి పట్టుకుని కంటి ముందు ఆడిస్తూ, గొంతులో సన్నగా ఏదో రాగం తీసుకుంటూ, అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుండేది. ఇంజను కూత పెడితే రెండు చెవులూ మూసుకుని నేల మీద పడి కేకలు పెట్టేది. మాచర్లలో ఇంజను కూత పెట్టని రోజు లేదు.

ఆస్పత్రి డాక్టరు పిల్లను ఓపిగ్గా చూశాడు. టానిక్కు రాసిచ్చి, "దీనికి మందు లేదమ్మా. ఇలాంటి పిల్లలకు మద్రాసులో ఏదో బడి ఉందంటారు" అన్నాడు. మద్రాసు మాటకు హనుమాయమ్మకు నవ్వొచ్చింది. ఆమె పుట్టినూరు నకరికల్లు. అక్కడి నుంచి మాచర్ల కాపరానికి వచ్చినప్పుడే దేశం దాటినట్టు ఏడ్చింది. టానిక్కును కోటేశ్వరి ఒక చెంచా రుచి చూసి, మిగిలింది తులసిచెట్టుకు పోసింది.

"మా అన్న గురవయ్య తీసుకపోతానంటున్నాడు పెద్దమ్మా" అంది హనుమాయమ్మ. "యాడనో కొండ అవతల ఒక సాధువు ఉన్నాడంట. ఇట్టాంటోళ్లను స్తంభానికి కట్టి ఉంచితే గాలి వదిలిద్దంట."

"కట్టి ఉంచితే గొడ్డు కూడా తిరగబడిద్ది" అంది సువార్తమ్మ.

"మరి ఎట్టా చెయ్యమంటావు? ఇంట్లో పెట్టి తాళం వేసి పొమ్మంటావా? నీ చేతి బిడ్డే కదా, నువ్వే చెప్పు."

ఈ చివరి మాట బజారులో చాలామంది చాలాసార్లు అన్నదే. బొడ్డు సరిగ్గా కొయ్యలేదని, పుట్టగానే నీళ్లు మరీ వేడిగా పోసిందని, రకరకాలుగా అన్నారు. అన్నవాళ్లందరికీ సువార్తమ్మ తగిన సమాధానం చెప్పి పంపింది. హనుమాయమ్మకు మాత్రం చెప్పబుద్ధి కాలేదు. చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, "సర్లే, రేపు పనికి పో" అంది.

మర్నాటి నుంచి పిల్లను తన వెంట తిప్పుకుంది. తిరగడంలో ఇద్దరూ ఇద్దరే కాబట్టి కొన్నాళ్లు బాగానే సాగింది. కానీ సువార్తమ్మ తిరుగుడు ఎటు గాలి వీస్తే అటు. కోటేశ్వరి తిరుగుడుకు దోవ ఉంది. ఒకనాడు కాన్పు కేకొస్తే పిల్లను ఎవరి అరుగు మీదో వదిలి పోవాల్సి వచ్చింది. ఇంకోనాడు చర్చిలో చెప్పుల సంగతి జరిగింది. సోమవారం పొద్దున కాంపౌండరు భార్య వచ్చి, "పిల్లను కట్టేసుకో, లేకపోతే చర్చికి రాబాక" అంది. కట్టెయ్యడం అనే మాట ఆమె వినడం అది రెండోసారి. ఆ మాటే సువార్తమ్మను ఇంట్లో నిలవనివ్వలేదు.

తోచక అమరేశ్వరరావు గారి పెరట్లోకి వెళ్లింది. ఆయన భార్య సుబ్బరత్నమ్మ ఎండుమిరపకాయలు ఆరబోయిస్తూ, తుమ్ముతూ, తనలో తానే విసుక్కుంటోంది. వాళ్ల ఇంట్లో బుధవారం బుధవారం ఒక పేద కుర్రాడు భోంచేసి చదువుకునేవాడు. వారానికి ఏడిళ్లు పట్టుకుని, ఇంటికో పూట తింటూ చదువు గట్టెక్కించడం అప్పటి పద్ధతి. వారాలు చేసుకోవడం అంటారు. ఆ కుర్రాడు పాసై గుంటూరు వెళ్లిపోయాడు.

"అలవాటు చావదు సువార్తమ్మా. బుధవారం వచ్చిందంటే ఓ సోలెడు బియ్యం ఎక్కువ పడతాయి. ఎవరికి పెట్టను?"

సువార్తమ్మ అటూ ఇటూ తిరుగుతున్నదల్లా ఆగింది. ఆమె ఆగడం చూసి సుబ్బరత్నమ్మ కంగారుపడింది.

"ఏందే, కాలికి ఏమన్నా గుచ్చుకుందా?"

"అమ్మా, నీ బుధవారం ఖాళీగా ఉందిగా, నాకియ్యి."

"నీకా? ఈ వయసులో ఏం చదువుతావే?"

"నాక్కాదమ్మా. కోటేశ్వరికి. అన్నం కూడా పెట్టక్కర్లా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీ ఇంట్లో ఉండనిస్తే చాలు. కుర్రోడికి కూటి వారం ఇచ్చావు, ఈ పిల్లకు ఉండే వారం ఇయ్యి."

అట్లా మొదలైంది. సుబ్బరత్నమ్మ బుధవారం ఇచ్చింది. సోమవారం, గురువారం జరీనా ఇచ్చింది. జరీనా మొగుడు దావూద్ జట్కా తోలతాడు, వాళ్ల పెంకుటింటి వెనక గుర్రపుసాల ఉంది. శనివారం హనుమాయమ్మ పనికి పోదు. మిగిలిన రోజులు సువార్తమ్మవి. పిల్ల ఎవరింట్లో ఏం తినాలనే దగ్గర కాసేపు పెద్ద చర్చ జరిగింది. సాయిబుల ఇంట్లో తింటే ఎట్టా అని ఒకరు, మంత్రసాని ఇంట్లో తింటే మా ఇంట్లోకి ఎట్టా అని ఒకరు. ఆ తగువును కోటేశ్వరే తీర్చేసింది. తల్లి చేసి మూటలో కట్టిచ్చిన జొన్నరొట్టె తప్ప ఎవరింటిదీ ముట్టలేదు. సుబ్బరత్నమ్మ నేతిగారెలు పెట్టినా అంతే, జరీనా సేమియా పెట్టినా అంతే. అందరినీ సమానంగా అవమానించింది కాబట్టి ఎవరికీ కోపం రాలేదు.

ప్రతి రోజూ లారీ వెళ్లాక, సువార్తమ్మ పిల్ల చెయ్యి పట్టుకోకుండా పక్కన నిలబడి ఆ రోజు సంగతి చెప్పేది. చెయ్యి పట్టుకుంటే పిల్లకు గిట్టదు.

"ఇయ్యాల సోమవారం. గుర్రం."

"సోమవారం. గుర్రం" అనేది కోటేశ్వరి ఎటో చూస్తూ. అని, గుర్రపుసాలకు నడిచేది. గుర్రం తోక ఊపుతుంటే దాని ఎదురుగా కూర్చుని వేపాకు ఊపేది. రెండూ ఒకదానికొకటి ఏం చెప్పుకునేవో గానీ, ఇంజను కూత పెట్టినప్పుడు గుర్రం చెవులు వెనక్కి పెడితే, కోటేశ్వరి చెవులు మూసుకునేది, కింద పడేది కాదు.

బుధవారానిది ఉయ్యాల. మేడ హాల్లో ఇనప గొలుసులకు వేలాడే టేకు ఉయ్యాలబల్ల ఉంది. పిల్ల దాని కుడివైపు అంచున కూర్చుని, కాలి బొటనవేలితో నేలను తాకుతూ, సాయంత్రం దాకా ఊగేది. గొలుసు కిర్రుమనేది. మొదటి బుధవారం అమరేశ్వరరావు గారు ఆ కిర్రుకు పిచ్చెక్కి ఆముదం పోయించారు. కిర్రు ఆగిపోయేసరికి పిల్ల ఊగడం ఆపి ఏడుపు లంకించుకుంది. ఆముదం తుడిపించే దాకా ఆయనకు మనశ్శాంతి దక్కలేదు. ఆ తర్వాత బుధవారాలు ఆయన పొలం వెళ్లడం నేర్చుకున్నారు.

ఇట్లా చలికాలం గడిచి ఎండలు ముదిరాయి. గురవయ్య మాత్రం మర్చిపోలేదు. చెల్లెలికి కబురు చేశాడు. "బుధవారం బస్సుకు వస్తా. పిల్లను చూసేవాళ్లు ఉన్నారని నా కంటికి కనపడితే సరే. నీ కూతురు బజార్లో తిరుగుతా కనపడిందా, వెంటబెట్టుకపోతా. సాధువుతో మాట్లాడి ఉంచా." గురవయ్య దుర్మార్గుడు కాడు. చెల్లెలి బరువు తీర్చాలనే ఆయన తాపత్రయమంతా. అందుకే ఆయనకు ఎదురు చెప్పడం కష్టం.

హనుమాయమ్మ ఆ కబురు చెప్పినప్పుడు సువార్తమ్మ ధైర్యంగానే ఉంది. బుధవారమంటే మేడ. మేడలో ఉయ్యాల మీద పిల్లను చూస్తే ఏ మేనమామ మాత్రం ఏమంటాడు?

మంగళవారం సాయంత్రం సుబ్బరత్నమ్మ పెరటి గుమ్మంలోకి పిలిపించింది.

"రేపు మా ఇంట్లో పెద్దమనుషులు కూర్చుంటున్నారే. పంచాయతీ ఎలక్షన్లు కదా, రెండు పార్టీలనూ కూర్చోబెట్టి రాజీ చేస్తారంట. వెంకటప్పయ్య గారు వస్తున్నాడు. అయ్యగారు పోటీ లేకుండా ప్రెసిడెంటు కావాలని నిద్ర పోకుండా ఉన్నాడు. ఈ ఒక్క బుధవారం జరీనాకు మార్చు. గురువారం నేను తీసుకుంటా."

సువార్తమ్మకు కాళ్లు లాగాయి. కానీ కాదనడానికి లేదు. వారాల కుర్రాళ్లకు అట్లా మారడం మామూలే. ఒక ఇంట్లో మైల వస్తే మరో ఇంటికి మళ్లేవాళ్లు, ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. జరీనా కూడా, "దాందేముంది పెద్దమ్మా, పంపించు" అంది. దావూద్ గుర్రానికి బుధవారమైతే ఏంది, గురువారమైతే ఏంది?

ఆ సాయంత్రమే సువార్తమ్మ పిల్లకు చెప్పి చూసింది.

"రేపు బుధవారం. గుర్రం."

"బుధవారం. ఉయ్యాల" అంది కోటేశ్వరి.

"రేపొక్కరోజే తల్లీ. బుధవారం. గుర్రం."

"బుధవారం. ఉయ్యాల."

మళ్లీ చెప్పింది. మళ్లీ అదే వచ్చింది. పిల్ల గొంతులో మొండితనం లేదు. తప్పు దిద్దుతున్న పంతులమ్మ ఓపిక ఉంది.

బుధవారం పొద్దున్నే వడగాలి మొదలైంది. లారీ ఎక్కుతూ హనుమాయమ్మ కూతురి వంక చూసి సువార్తమ్మ వంక చూసింది. సువార్తమ్మ పిల్లను జరీనా ఇంటికి తీసుకెళ్లి, గుర్రపుసాలలో కూర్చోబెట్టి, కాసేపు ఉండి, ఉండలేక బజారు చివరిదాకా వెళ్లి, మళ్లీ వచ్చి చూసి, మళ్లీ వెళ్లింది. ఆమె అట్లా వెళ్లిన ఒక విడతలో దావూద్ గుర్రాన్ని జట్కాకు కట్టుకుని బస్టాండుకు పోయాడు. జరీనా పొయ్యి మీద కూర కలిపి వచ్చేసరికి సాలలో గుర్రమూ లేదు, పిల్లా లేదు.

కాసేపటికి జట్కా తిరిగొచ్చింది. అందులోంచి తెల్లపంచె, భుజాన తువ్వాలుతో గురవయ్య దిగాడు. నకరికల్లు బస్సు దిగి, "హనుమాయమ్మ అన్నను, పిల్లను చూడాలి" అంటే, దావూద్ సంబరంగా తన ఇంటికే తోలుకొచ్చాడు.

"యాడమ్మా పిల్ల?"

జరీనా చేతిలో గరిటె ఉంది. దాన్ని చూస్తూ, "ఇప్పుడే... ఈడే ఉంది అన్నా" అంది.

"ఇదేనా మీరు చూసేది?" అన్నాడు గురవయ్య. గట్టిగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

బజారంతా లేచింది. జరీనా గరిటెతోనే స్టేషను వైపు పరుగెత్తింది. దావూద్ గుర్రాన్ని మళ్లీ అదిలించాడు. పాస్టరుగారు బావుల్లోకి తొంగి చూస్తూ వచ్చారు. పిల్లను కట్టేసుకోమన్న కాంపౌండరు భార్య కొంగు నడుముకు చుట్టుకుని, "కోటీ! కోటమ్మా!" అని అందరికంటే పెద్దగా పిలుస్తూ సందులన్నీ తిరిగింది. సువార్తమ్మ ఊరి బయట నాపరాళ్లు తీసిన గోతుల దగ్గరికి పరుగు తీసింది. గోతుల్లో పోయిన వానల నీళ్లు ఇంకా పచ్చగా నిలిచి ఉన్నాయి. గాలికి అలలు లేస్తుంటే ప్రతి అలా ఆమెకు వేపాకులాగే కనపడింది. ఒక గోతి నుంచి ఇంకో గోతికి, ఇంకో గోతి నుంచి మొదటిదానికి తిరిగింది. వెనక గురవయ్య రొప్పుతూ వచ్చాడు.

"ఇప్పుడైనా అర్థమైందా అమ్మా? కట్టి ఉంచమంది పగతో కాదు. ఇట్టా గోతుల ఎంట తిరగలేక."

సువార్తమ్మ సమాధానం చెప్పబోయి ఆగింది.

"ఇయ్యాల ఏం వారం?" అంది.

"బుధవారం. నిన్ను పిల్ల సంగతి అడుగుతుంటే..."

ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. ఈసారి పరుగెత్తలేదు. ఎక్కడికి పోతున్నదో తెలిసిన మనిషిలా నడిచింది. గురవయ్య వెంటపడ్డాడు. మేడ దగ్గరికి రాగానే ఆమె సందులోంచి పెరటికి తిరిగింది. రైతుబిడ్డ కాబట్టి గురవయ్య వీధి గుమ్మంలోకి ఎక్కాడు. ఇద్దరూ చెరో వైపు నుంచి హాల్లోకి చూశారు.

హాలు నిండా మనుషులున్నారు. తూర్పు గోడ వైపు అమరేశ్వరరావు గారి పార్టీ, పడమటి గోడ వైపు ఎదుటి పార్టీ చాపల మీద కూర్చున్నారు. మధ్యలో ఉయ్యాల మీద వెంకటప్పయ్య గారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెప్పింది రెండు పార్టీలూ వింటాయి. భారీ మనిషి, మీసాలు తెల్లబడ్డాయి, నవ్వడం ఎవరూ చూడలేదు. ఆయన పక్కన, కుడివైపు అంచున, కోటేశ్వరి. బొటనవేలు నేలకు తాకుతోంది. ఉయ్యాల కిర్రుమంటోంది.

బల్ల మీద మఠం వేసుక్కూర్చున్న పెద్దాయనకు కాళ్లు నేలకు అందడం లేదు. దిగుదామంటే ఊగే ఉయ్యాల మీంచి దూకాలి, అది ఆయన హోదాకు చెల్లదు. ఆపమంటే పిల్ల వినడం లేదు. అందుకని ఊగుతూనే రాజీ నడుపుతున్నారు. ముందుకు వెళ్లినప్పుడు తూర్పు పార్టీతో ఒక మాట, వెనక్కి వచ్చినప్పుడు పడమటి పార్టీతో ఒక మాట. రెండు పార్టీల తలలూ ఆయనతో పాటే అటూ ఇటూ ఆడుతున్నాయి. అమరేశ్వరరావు గారు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

చివరికి వెంకటప్పయ్య గారు మాట మధ్యలో ఆగి అడిగారు.

"ఏమయ్యా అమరేశ్వరరావూ, ఈ పిల్ల ఎవరి తాలూకు?"

హాలంతా ఆయన వంక చూసింది. ఎవరో తెలియదంటే, తెలియని పిల్ల నడింట్లోకి వచ్చి పెద్దమనిషి పక్కన ఎట్లా కూర్చుందనే ప్రశ్న వస్తుంది. పిచ్చిపిల్లంటే, పెద్దాయన్ను పిచ్చిపిల్ల పక్కన ఊగబెట్టాడనే పేరొస్తుంది. పడమటి గోడ దగ్గర ఎవరో అప్పుడే సన్నగా దగ్గారు. అమరేశ్వరరావు గారు స్తంభాన్ని పట్టుకున్నారు.

"మా పిల్లేనండీ" అన్నారు. కాస్త ఆగి, "బుధవారం పూట" అని కలిపారు.

"బుధవారం పూట ఏందయ్యా?"

వంటింటి తలుపు వెనక నుంచి సుబ్బరత్నమ్మ గొంతు వచ్చింది. మగవాళ్ల ముందుకు రాకుండానే ఆమె హాలు మొత్తానికి వినపడేట్టు చెప్పగలదు.

"వాళ్లమ్మ సాగర్ పనికి పోయిద్దండీ. పిల్లకు వారాలు ఇచ్చాం. సోమవారం, గురువారం జట్కా దావూద్ వాళ్లవి. శుక్కురం, మంగళం, ఆదివారం మా సువార్తమ్మవి. బుధవారం మాది. ఆ ఉయ్యాల బుధవారం ఆ పిల్లదేనండీ."

"అట్లాగా" అన్నారు వెంకటప్పయ్య గారు, ముందుకు వెళ్తూ. వెనక్కి వచ్చాక, "అయితే దిగాల్సింది నేనా?" అన్నారు.

తలుపు వెనక నుంచి, "ధర్మంగా అయితే మీరేనండీ" అని వినపడింది.

పెద్దాయన మీసాలు కదిలాయి. నవ్వారో లేదో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

అప్పుడు వీధి గుమ్మంలోంచి గురవయ్య గొంతు సవరించుకున్నాడు. అంతమంది పెద్దల ముందు ఆయనకు చెమటలు పోస్తున్నాయి.

"అయ్యా, ఆ పిల్ల నా మేనకోడలండీ. మా చెల్లెలు అగచాట్లు పడుతుందని నేను తీసుకపోదామని వచ్చా."

"మంచిది" అన్నారు వెంకటప్పయ్య గారు. "నీదే వారం?"

"అంటే?"

"బుధవారం వీళ్లదంటున్నారు. సోమవారం దావూద్‌ది. నీకే వారం ఇచ్చారు?"

గురవయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పెరటి గుమ్మంలో సువార్తమ్మ నిలబడి ఉంది, హాల్లోకి అడుగు పెట్టకుండా, ఉన్నచోటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. వీధిలో ఇంకా జనం, "కోటీ! కోటమ్మా!" అని పిలుస్తూనే ఉన్నారు. ఆ పిలుపులు గురవయ్యకు వినపడుతున్నాయి. వాటిలో ఒకటి సాయిబుల అమ్మాయిది. ఒకటి పాస్టరుది. కాంపౌండరు భార్యకు గొంతు బొంగురుపోయింది.

"నాకే వారమూ లేదండీ" అన్నాడు చివరికి.

కోటేశ్వరి ఎవరి వంకా చూడలేదు. ఉయ్యాల కిర్రుమంటూనే ఉంది.

ఆ సాయంత్రం లారీ దిగిన హనుమాయమ్మకు అన్న రోడ్డు పక్కన ఎదురొచ్చాడు. ఆమె ముందు ఆయన పక్కన పిల్ల ఉందేమోనని చూసింది. "ఉండనీ అమ్మాయ్, ఈడే ఉండనీ" అన్నాడు గురవయ్య. "సాధువుకు నేను చెప్పుకుంటాలే." పిల్ల కోసం తెచ్చిన బెల్లం మూట చేతిలో పెట్టి, రాత్రి బస్సుకు వెళ్లిపోయాడు. ఆ బెల్లం కోటేశ్వరి ముట్టలేదు, సువార్తమ్మ తిన్నది.

రాజీ కుదరలేదు. పెద్దాయన ఉయ్యాల దిగేసరికి కళ్లు తిరిగి, మిగతా మాటలు ఇంకోరోజు చూద్దామని బండెక్కారు. ఆ ఇంకోరోజు రాలేదు. పోటీ జరిగింది, పడమటి గోడవాళ్లు గెలిచారు. ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు అమరేశ్వరరావు గారు పెరట్లోకి స్వయంగా వచ్చారు. సువార్తమ్మ మిరపకాయల పక్కన నిలబడి, సుబ్బరత్నమ్మకు ఎవరిదో ఇంటి సంగతి చెబుతోంది.

"ఏమే సువార్తమ్మా, బుద్ధుందా నీకు? మా ఆవిడ ముందురోజే చెప్పింది, నువ్వు సరేనన్నావు, జరీనా సరేనంది. అందరం మార్చుకున్నాక కూడా ఆ పిల్ల మా మీటింగులోకి ఎట్టా వచ్చింది? నా ప్రెసిడెంటుగిరీ ఊగీ ఊగీ పడిపోయింది గదే!"

సువార్తమ్మ చెవి మీది చుట్ట తీసి, ఆయన ఎదుట వెలిగించకూడదు కాబట్టి, మళ్లీ చెవి మీదే పెట్టుకుంది.

"మనమందరం మార్చుకున్నాం బాబుగారూ, బుధవారమే ఒప్పుకోలా."